గాలి లెక్క

"మళ్లీ వచ్చిందా ముసల్ది!"

ధర్మతేజ విసుగ్గా ఫ్యాను ఆపేశాడు.

జి.మాడుగుల అవతల కొండ మీది గూడెంలో కొత్తగా లేచిన కాలనీ అది. తొమ్మిదే ఇళ్లు. ఆ ఇళ్ల గాలి లెక్క తియ్యడం ధర్మతేజ ఉద్యోగం. వాకిలికి అడ్డంగా గుడ్డ బిగించి, దాంట్లో ఫ్యాను పెట్టి లోపలి గాలిని బయటికి లాగితే, సందుల్లోంచి ఎంత చలిగాలి దూరుతోందో మీటరు చెబుతుంది. సందు కనబడితే నురుగు గమ్ముతో పూడ్చాలి. వినడానికి సుళువే. ఆ ఫ్యాను భుజానేసుకుని కొండెక్కినవాడికి తెలుస్తుంది, ఎంత సుళువో.

ఎనిమిది ఇళ్లయ్యేసరికి నడుం పడిపోయింది. పొద్దుటినుంచి కడుపులో పడినవి రెండు అరటిపళ్లు.

మూడు నెలల ట్రయలు ఇవాళ్టితో ఆఖరు. తొమ్మిదీ పాసైతేనే ఉద్యోగం ఖాయమని సూపర్‌వైజరు తెగేసి చెప్పాడు. ఇల్లు కట్టినవాడు బాగానే ఉంటాడు, తిట్లన్నీ కొలిచినవాడికే.

ఈ తొమ్మిదో ఇల్లు మొండికేసింది.

వెనక గోడలో, నేలకు జానెడు ఎత్తున, పిడికిలి పట్టేంత కన్నం. దాని పక్కనే చతికిలబడి ఒక ముసలామె.

"మామ్మా, టెస్టప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆ కన్నం మూసీకు బాబూ. ఒగ్గీ."

"మూయకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

"నిప్పులకి ఊపిరాడాల నాయనా."

నిప్పులేమిటి, ఊపిరేమిటి! ధర్మతేజ ఇంటావిడను పిలిచాడు. రమణి ఇరవై రోజుల పాపను భుజాన వేసుకుని వచ్చింది.

"అక్కా, ఈవిడ మీ అత్తా?"

"కాదు బాబూ. ఎవులో మరి. నిన్న మాపటేల ఏ ఊర్నుంచో ఒచ్చి అరుగు మీద తొంగున్నాది. పొద్దున్న సూత్తే గునపంతో గోడకి కన్నమెట్టీసినాది! మా ఆయన తిట్టినా కదల్నేదు. పిచ్చిది."

"సరే. ఇంట్లో పొయ్యి ఉందా?" ఫారంలో ఉంది కాబట్టి అడిగాడు.

"నేదు బాబూ. గేసు బయట, వసారాలో."

పొయ్యి లేదని టిక్కు పెట్టాడు.

"సలేత్తే ఏటి సేత్తారో అడుగు బాబూ," అంది ముసలామె.

ధర్మతేజ అడగలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు.

చెయ్యి పట్టుకుని ఆమెను బయటికి నడిపించాడు. కన్నం నిండా నురుగు గమ్ము కొట్టాడు. ఫ్యాను వేశాడు. మీటరు దిగింది.

పాస్.

సంతోషించడానికి కూడా ఓపిక లేకపోయింది.

జీపెక్కుతూ వెనక్కి చూస్తే, ఆమె ఇంటి వెనక బండ మీద ముసుగేసుకుని కూర్చుని ఉంది. చలికి తనే వెళ్లిపోతుందిలే అనుకున్నాడు.

కిందికి వచ్చాక చూసుకుంటే తొమ్మిదో ఫారం మీద రమణి సంతకం లేదు. మర్నాడు పొద్దున్నే, డ్రైవరు పైడయ్యను బతిమాలుకుని మళ్లీ కొండెక్కాడు.

వెనక గోడ చూసి ఒళ్లు మండిపోయింది. నురుగు ముక్కలు ముక్కలుగా నేల మీద పడి ఉంది. కన్నం నిన్నటికి రెట్టింపైంది.

"ఎక్కడ ఆ ముసల్ది?" అని అరుస్తూ ముందుకు వచ్చాడు.

అరుగు మీద రమణి పాపను గుండెకు హత్తుకుని కూర్చుంది. మొగుడు స్తంభానికి ఆనుకుని తల పట్టుకున్నాడు.

"నీకు దణ్ణవెడతాను బాబూ, ఆ కన్నం మరి మూసీకు," అంది రమణి.

"ఏమైందక్కా?"

"సలికి తాళలేక కుంపటి లోపలెట్టుకుని తలుపేసుకున్నాం. పాత పాకలో ఎప్పుడూ ఎట్టుకున్నదే. తెల్లారగట్ల పాప పాలకి లెగనేదు. నాను లెగుద్దామంటే కాలూ సెయ్యీ రానేదు. మా ఆయనా అలగే పడున్నాడు. అప్పుడు గోడవతల గునపం సప్పుడు. సల్లగాలి మొకాన కొట్టినాది. ఆనక తలుపు గడియ ఊడగొట్టి పాపని బయటికి లాగీసినాది, ఆ ముసిల్ది."

"కుంపటా! పొయ్యి లేదన్నావుగా!"

"కుంపటి పొయ్యేటి బాబూ?"

ధర్మతేజ అరుగు మీద కూలబడ్డాడు. పాప గుటకలేస్తూ పాలు తాగుతోంది. ఆ చప్పుడు వింటుంటే భయమేసింది.

"ఆవిడేది?"

"పాప ఏడిసిందాకా ఉండి ఎళ్లిపోనాది. గంజి తాగమన్నా ఇన్నేదు. పేరైనా అడగనేదు బాబూ. పిచ్చిదని తిట్టినాం."

ధర్మతేజ ఫారం తీసి, పాస్ అన్న మాట కొట్టేశాడు. ఉద్యోగం సంగతి దేవుడెరుగు.

ఘాటు దిగుతుంటే ప్రతి మలుపులోనూ తల బయటికి పెట్టి చూశాడు. ఆమె ఎక్కడా లేదు.

"ఎవుల కోసం బాబూ ఎతుకుతన్నావు? గునపం ముసిల్దాని కోసమా?" అన్నాడు పైడయ్య. "దొరకదు. కొత్త కాలనీ ఎక్కడ లేత్తే అక్కడ తేల్తాది."

"ఎవరావిడ?"

"సీలేరు దారిలో ఓ గూడెం. రెండేళ్లయినాది. కొడుకూ కోడలూ ఇద్దరు మనవలూ కొత్తింట్లో కుంపటెట్టుకుని తొంగున్నారు. మరి లెగనేదు. ఈవిడ సేను కావలికెళ్లి బతికిపోనాది."

"ఆ ఇంటికి కన్నాల్లేవా?"

పైడయ్య గేరు మార్చాడు.

"ఎందుకు నేవు? మనవలకి సలేత్తాదని, ఆ సాయంత్రం సేనుకెళ్తా ఎళ్తా, అన్నీ తన సేత్తోనే మట్టెట్టి మెత్తీసినాది."