సగం గడ్డం

"లేవండి కుర్చీలోంచి!"

సెలూన్ యజమాని గొంతు విని, గడ్డం గీయించుకుంటున్న రిటైర్డ్ హెడ్మాస్టరుకి మొదట నవ్వొచ్చింది. ఎడమ చెంప నున్నగా అయింది. కుడి చెంప నిండా ఇంకా నురగే.

"అదేంటయ్యా, సగం అలాగే ఉందిగా?"

"ఉంటే ఉంచుకోండి. నా కత్తి ఇక మీ మొహం మీద ఆడదు."

"ఇంతకీ నేనేమన్నాననీ? ఊపిరే పీల్చని పిల్లకి ఇన్నాళ్ళ ఏడుపేమిటన్నాను. వయసులో ఉన్నారు, ఏడాది తిరక్కుండా ఇంకొకళ్ళు పుడతారన్నాను. మంచి మాటే కదా!"

మంచి మాట! నెల రోజులుగా సెలూన్ యజమాని చెవుల్లో పడుతున్నవన్నీ మంచి మాటలే. 'పెరిగి పెద్దదై పోతే ఇంకా బాధ కదరా' అంది చిన్నత్త. 'మొదటిదేగా' అన్నాడు పక్క కొట్టు టైలరు, చొక్కా గుండీ ఊడిందన్నంత తేలిగ్గా. ఓదార్చడానికి బయల్దేరేవాళ్ళు నోరొకటి వెంట తెచ్చుకుని, బుర్ర ఇంట్లో పెట్టి వస్తారు కాబోలు. అవన్నీ పంటి బిగువున భరించాడు. ఇవాళ మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తి బల్ల మీద పెట్టేసి మరీ అరిచాడు.

"తొమ్మిది నెలలు మోసిందండీ నా పెళ్ళాం! ఊపిరి పీలిస్తేనే బిడ్డా? అది మా పాప! మీకేం, నోటికొచ్చింది అనేసి పోతారు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు, తెలుసా? మీలాంటివాళ్ళ మాటలకే ఆవిడ నోరు పడిపోయింది!"

"పోనీలే అన్నా, పెద్దాయన..." అని నసిగాడు బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఆటో డ్రైవరు.

"పెద్దాయనైతే? పెద్ద నోరుండాలా?"

ఆటో డ్రైవరు పేపర్లో తల దూర్చేశాడు. హెడ్మాస్టరు మెడకి చుట్టిన గుడ్డ లాగి కుర్చీలో పడేశాడు. "నీకు మతి పోయిందయ్యా" అంటూ సగం గడ్డంతో, సగం నురగతో వీధిలోకి నడిచాడు. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాగా అయింది అనుకున్నాడు సెలూన్ యజమాని.

షాపు వెనక గదే వాళ్ళ ఇల్లు. మధ్యలో కర్టెన్ ఒక్కటే అడ్డం. ఆమె అంతా వినే ఉంటుంది. తన తరఫున ఒక్కడైనా నిలబడ్డాడని తెలిస్తే ఇవాళైనా నోరు విప్పుతుందేమోనని, కోపం చల్లారకముందే కర్టెన్ తప్పించుకుని లోపలికెళ్ళాడు.

ఆమె ఉతికిన తువ్వాళ్ళు మడత పెడుతోంది.

"విన్నావా? ఎలా కడిగేశానో చూశావా? ఇక మన పాప గురించి ఒక్కడు నోరు పారేసుకుంటే ఒట్టు."

ఆమె చేతిలో తువ్వాలు కింద పెట్టింది. ఇన్నాళ్ళకి అతని మొహంలోకి సూటిగా చూసింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కసారి ఎత్తుకుంటానని నేను కాళ్ళావేళ్ళా పడితే, 'ప్రాణం లేనిదాన్ని చూసేదేముంది, తీసుకుపోండి' అని నర్సుతో అన్నది ఆ హెడ్మాస్టరేనా?"