తీపి లేని సీసా

మనోరమ మొదటి గుక్కనే మందారం పాదులో ఉమ్మేసింది.

"ఏందిరా ఇది? కుడితి లెక్క ఉన్నది."

తల్లి మాటకు అన్వేష్ నవ్వబోయి ఆగాడు. లాల్‌గడి మలక్‌పేట్‌లో మిగిలిన అరెకరం తోటలో అతను పెంచిన షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసిన మొదటి వైన్ అది. లేత గడ్డి రంగు. పండులోని తీపంతా పోయేదాకా పులియబెట్టాడు. చుక్క చక్కెర కలపలేదు. డ్రై వైన్ అంటే అంతేనని ముందే చెప్పాడు.

తండ్రి జనార్ధన్ పెట్టిన షరతు ఒక్కటే. "మన ఇంట్ల ఒక్కలకన్న నచ్చాలె. లేకుంటె రేపు జేసీబీ వస్తది, ప్లాట్లు పడతయి."

పక్క పొలం రైతు పర్వతాలు గ్లాసు వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. మొహమాటానికి ఒక గుక్క మింగి, నాలుకను కండువాతో తుడుచుకున్నాడు. తడిసిన గోనెసంచి పిండినట్టుందన్నాడు.

అశ్రిత ఆ ఇంటికి కోడలై ఇరవై రోజులు. ఆమెకు ఇక్కడ అన్నీ ముద్దుగానే ఉన్నాయి. సీసాలకు తన చేత్తో అంటించిన లేబుళ్లు మరీ ముద్దు. వచ్చిన కొత్తలో చివరి సాలు పక్కన సున్నం కొట్టిన గద్దె మీద కూర్చుని చిగుళ్లు లెక్కపెడుతుంటే, మనోరమ చెయ్యి పట్టి లేపింది. ఎందుకో చెప్పలేదు. చీమలు కాబోలు అనుకుంది అశ్రిత.

మొగుడి కోసం ఆమె కూడా తాగింది. నోరంతా పిడచకట్టింది. బాగుందని అబద్ధమాడలేక గ్లాసు కింద పెట్టేసింది.

ఇక మిగిలింది జనార్ధన్.

ఒక్క గుక్క. మూతి వంకర తిరిగింది. ఒళ్లు జలదరించింది. "గింత పులుపా" అని గొణిగాడు. కాసేపు గ్లాసునే చూశాడు. తర్వాత నిండు సీసా పట్టుకుని లేచి, చెప్పులు విడిచి, తోటలోకి నడిచాడు. చివరి సాలు దగ్గర ఆగి, ఆ తెల్లటి గద్దె మీద సీసా వంచాడు.

అన్వేష్ తల దించుకున్నాడు.

అశ్రితకు ఏడుపొచ్చింది. పారబోయడమెందుకు, గుర్తుగా ఒక్క సీసా అయినా ఉంచుకుంటాం కదా అంటూ పరుగెత్తబోయింది. మనోరమ చెయ్యి పట్టి ఆపింది.

"ఆగు బిడ్డ, పారబోస్తలేడు, బతికినన్నాళ్లు తీపి ముట్టక పుల్లటి కల్లే తాగిన మీ తాతకు అందాలని సమాధి మీద సాక పోస్తుండు."