అక్కడ పాస్, ఇక్కడ ఫెయిల్

నిన్నటిదాకా బుద్ధిగా పాసైన ప్రోగ్రాము టెస్టు ఈ పొద్దున అడ్డం తిరిగింది.

ఆఫీసంతా కోడరమ్మ అని పిలిచే ఆ అమ్మాయి కళ్లు నులుముకుని మళ్లీ నడిపింది. మళ్లీ ఎర్రగీత. ఫలానా సాయంత్రం డాక్టరు అపాయింట్‌మెంట్ ఇమ్మంటే, ప్రోగ్రాము దాన్ని మర్నాటి తేదీలో పడేస్తోంది.

"సాయంత్రంలోపు టెస్టులన్నీ పచ్చబడాలి. లేదంటే రేపటి నీ ప్రయాణం క్యాన్సిల్," అంది టీమ్ లీడర్ మేడమ్, తాపీగా కాఫీ కలుపుకుంటూ.

కోడరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. రేపు వెళ్లాల్సింది సముద్రం అవతలి ఆఫీసుకి. ఆమె జిరాఫీ అని పేరు పెట్టుకున్న అబ్బాయి అక్కడే పనిచేస్తాడు. మనిషి ఎంత పొడుగంటే, వీడియో కాల్‌లో అతని నుదురు ఏనాడూ తెరలో పట్టలేదు. ఆ నుదురు చూడాలని ఆమెకు ఏడాదిగా ఒకటే ఆరాటం.

వెంటనే అతనికి వీడియో కాల్ కలిపింది.

"ఆ టెస్టు మీ దగ్గర ఒకసారి నడిపి చూడండి."

"నడిపానండీ. పాసైంది."

"పాసవడమేంటి! టైము ఏ ఊరిదో టెస్టులో రాయకుండా, మా కంప్యూటర్ గడియారాన్ని నమ్ముకున్నాను. బుర్ర పనిచెయ్యలేదు. అది ఇక్కడ పాసవ్వాలి, మీ దగ్గర ఫెయిలవ్వాలి!"

నుదురు లేని ముఖం సిగ్గుతో కందగడ్డలా అయింది.

"నవ్వనంటే ఒక మాట చెప్తాను."

"చెప్పండి."

"నా కంప్యూటర్‌లో మీ ఊరి టైమే పెట్టుకున్నాను. మనం మాట్లాడుకున్న మొదటి వారంలోనే. నువ్వు... అదే, మీరు లేచారా, తిన్నారా అని అస్తమానం లెక్కలు వేసుకోలేక."

కోడరమ్మకు కుర్చీలో కాలు నిలవలేదు. లేచి గిర్రున తిరిగింది. చెత్తబుట్టను తన్నేసింది. పట్టలేనంత సంతోషంతో మళ్లీ కూలబడింది. పక్క సీటాయన భయపడి తన కాఫీ కప్పు దూరంగా జరుపుకున్నాడు.

"సరే, ఇక్కడ ఎందుకు పాసైందో తేలింది," అన్నాడు జిరాఫీ, పాపం, మాట మార్చాలని. "మరి అక్కడ ఎందుకు ఫెయిలవుతోందండీ?"

"ఉండు, చూస్తాను," అంది కోడరమ్మ, మీరు అనడం మానేసి.

మేడమ్ కంట పడకుండా తెరను కాస్త పక్కకు తిప్పుకుని, నిన్న రాత్రి ప్రయాణపు సంబరంలో తన కంప్యూటర్‌లో తనే పెట్టుకుని మరిచిపోయిన జిరాఫీ ఊరి టైమును చప్పుడు చేయకుండా తీసేసింది.