మధ్యాహ్నం మామగారు

"ఏమండోయ్, విన్నారా! రేపటి నుంచి మధ్యాహ్నం మాత్ర అక్కర్లేదట!" ఫోను పెట్టేసి అత్తగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. "నిన్న మిమ్మల్ని చూసి డాక్టరుగారు తెగ సంతోషపడ్డారట. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో ఇంత చక్కగా నడిచే మనిషిని ఈ మధ్య చూడలేదన్నారట. క్లినిక్ నర్సు చెప్పింది."

ఆ చక్కగా నడిచే మనిషి వంటింటి గుమ్మంలో అతుక్కుపోయి ఉన్నారు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చేతిలో ఖాళీ గ్లాసు, అందులో చెంచా గలగలలాడుతోంది.

"కొంచెం జరగండి, పంచదార తెస్తాను. నోరు తీపి చేసుకుందాం."

"జరగ్గలిగితే ఇక్కడెందుకు నిలబడతానే? కాపలాకా?" మామగారి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

కొత్త కోడలికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆమె ఈ ఇంటికొచ్చి నెల. వచ్చాక తెలిసింది, తనకి ఇద్దరు మామగార్లని. పొద్దుటి మామగారు టైలరు మాస్టారు. సూదిలోకి ఒక్క గురికి దారం ఎక్కించి, కిటికీ తెరలకి కుచ్చులు పెట్టి, మిగిలిన ముక్కతో కోడలి కళ్ళజోడుకి పువ్వుల సంచీ కుట్టిచ్చిన మనిషి. కళ్ళజోడు పెట్టుకోవడం కన్నా ఆ సంచీలోంచి తియ్యడమే ఆమెకి సరదా. మధ్యాహ్నం మామగారు వేరు. పొద్దుటి మాత్ర బలం తగ్గగానే కాళ్ళని నేలకేసి కుట్టేసినట్టు నిలబడిపోతారు. మధ్యాహ్నం మాత్ర వేసుకుని, అది ఒంటికి పట్టాకే మళ్ళీ మిషను ముందు కూర్చునేది. ఆ మాత్ర కూడా తీసేస్తే ఇక సాయంత్రం దాకా గుమ్మమే గతి.

"అత్తయ్యా, డాక్టరుగారు మామయ్యని ఎప్పుడైనా ఇలా చూశారా?"

"ఇలా ఎందుకు చూపిస్తాం తల్లీ! మాత్ర బాగా పనిచేసే వేళ చూసుకుని, గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి మరీ తీసుకెళ్తాను. నిన్న పెళ్ళికొడుకులా నడిచారు. అంత పెద్ద డాక్టరు ముందు పరువు తీసుకుంటామా?"

"ఎలా ఉన్నారని ఆయన అడగరా?"

"అడుగుతారు. 'మీ దయవల్ల బాగున్నాను' అంటారు ఈయన. ఎదురుగా మనిషి నిక్షేపంలా ఉంటే, బాగాలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కోడలు భర్తని కేకేసింది. పక్కగదిలో ఆఫీసు పని చేసుకుంటున్న అతను కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ దిగకుండానే దొర్లుకుంటూ వచ్చాడు.

"లేవండి మహానుభావా, కుర్చీ కావాలి. మామయ్యని ఇప్పుడే, ఇలాగే డాక్టరుకి చూపిద్దాం. క్లినిక్ వీధి చివరేగా."

"ఇలాగా!" అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "ఇవాళ గడ్డం కూడా గీసుకోలేదే!"

మామగారూ బేలగా చూశారు. "నన్నిలా చూస్తే ఆయన ఇంకెప్పుడూ శభాష్ అనడమ్మా."

"మీకు శభాష్ కావాలా, మిషను కావాలా మామయ్యా?"

"మిషనే."

కోడలు తన పాదాన్ని ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టింది. "నన్ను తొక్కకుండా దాటండి, చూద్దాం." మామూలు నేల మీద రాని అడుగు, అడ్డం కనబడగానే వచ్చింది. రెండు అడ్డాలు దాటి ఆయన కుర్చీలో కూలబడ్డారు.

వీధిలో ఊరేగింపు బయల్దేరింది. కొడుకు తోస్తున్నాడు, కోడలు ముందు నడుస్తోంది, అత్తగారు తమకేమీ సంబంధం లేనట్టు నాలుగడుగులు వెనకగా వస్తున్నారు. మామగారి చేతిలో గ్లాసు తీసుకోవడం ఎవరికీ తట్టలేదు. చెంచా గంటలా మోగుతూ దారి అడిగింది.

"మాస్టారూ, కొత్త బండా?" అన్నాడు ఎవరో.

"కొత్త కోడలు కొనిచ్చింది," అన్నారు మామగారు నూతిలోంచే.

క్లినిక్‌లో నర్సు చేతులడ్డం పెట్టింది. "ఈ వేళప్పుడు డాక్టరుగారు ఎవరినీ చూడరు. రేపు పొద్దున్న పదింటికి రండి."

"పదింటికి మా మామయ్య బాగుంటారండీ! అదే కదా మా గొడవ!"

ఈలోగా కొడుకు కుర్చీతో తలుపు నెట్టేశాడు.

లోపల డాక్టరు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఉలిక్కిపడ్డారు గాని లేవలేదు. మామగారిని, ఆ వణుకుని, కదలని మొహాన్ని పైనుంచి కిందికి చూశారు.

"ఇదేంటి మాస్టారూ? నిన్న నా ముందు అంత హుషారుగా నడిచారు?"

అత్తగారే కొంగుతో కళ్ళొత్తుకుంటూ మాత్ర వేళ, గడ్డం, ఇస్త్రీ చొక్కాతో సహా అంతా చెప్పేశారు.

డాక్టరు మండిపడ్డారు. "బాగున్న గంట నాకు చూపించి, బాగాలేని గంటలు ఇంట్లో దాచుకుంటారా? డాక్టరు దగ్గర దాస్తే వైద్యం ఎలా చేస్తారమ్మా? పరువట, పరువు! ఎవర్ని మోసం చెయ్యడానికి?"

అత్తగారు తల దించుకున్నారు. కోడలు మాత్రం లోలోపల గంతులేసింది.

"మధ్యాహ్నం మాత్ర మానొద్దు. ఇంటికెళ్ళగానే వెయ్యండి. మాత్రల వేళలు మారుస్తాను. కొత్త చీటీ నర్సు రాస్తుంది. సంతకం రేపు పొద్దున్న పెట్టి పంపిస్తాను."

"సంతకమే కదండీ, ఇప్పుడే పెట్టెయ్యండి. పెన్ను మీ ముందే ఉంది," అంది కోడలు.

డాక్టరు పెన్ను వంక చూశారు. తర్వాత అత్తగారి వంక చూశారు. బల్ల కింద పెట్టుకున్న కుడిచేతిని నెమ్మదిగా పైకి తీశారు. అది గడగడా వణుకుతోంది.

"ఎల్లుండి పదింటికి నేనూ మా డాక్టరు దగ్గరికి వెళ్ళాలమ్మా," అన్నారు. "మధ్యాహ్నమే వెళ్తాను."