లంగరు లేని పడవ

పగుళ్లలో నార కూరి తారు పోయించాలి. పుచ్చిన వెనక చెక్క తీసేసి టేకుది వేయించాలి. మోటరు కొనాలి, దానికి నూనె డబ్బా, పైపు, బోల్టులు కొనాలి. లంగరు కొనాలి. నాయినను ఒప్పించాలి.

ఆ చివరి పని దగ్గరే శివకుమార్ ఆగిపోయాడు.

అతను కొల్లాపూర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. ఆదివారం వస్తే బస్సెక్కి ఊరికి వస్తాడు. పాతూరు అతను పుట్టకముందే డ్యాం నీళ్లలో మునిగింది. మిట్ట మీద కట్టుకున్న ఈ కొత్త ఊరే అతనికి తెలుసు.

పోయిన వానాకాలం అతని తండ్రి పరశురాములు ఎప్పటిలాగే పాతూరి నీళ్ల మీద పడవ ఆపుకున్నాడు. గాలి లేచింది. పడవ కొట్టుకుపోయి బండకు తగిలి పగిలింది. ఆయన ఈదుకుంటూ బయటపడ్డాడు. లంగరు ఉంటే ఇంత జరిగేది కాదని ఊరంతా అన్నది.

అప్పటి నుంచి ఆయన పొద్దున లేస్తే ఒడ్డున కూర్చుంటున్నాడు. కంచంలో సగం అన్నం వదిలేస్తున్నాడు.

"మల్ల నీళ్ల మీదికి పోతెనే ఈ మనిషి దక్కుతడు బిడ్డా," అన్నది తల్లి సోమమ్మ.

అందుకే ఈ తిప్పలన్నీ.

పడవల మెకానిక్ విజేందర్ ఇంటికొచ్చి, ఫోన్లో రెండు మోటర్లు చూపించి, పరశురాములు చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

"పెదనాయినా, ఇది టూ స్ట్రోకు. అగ్గువ. ఖరాబైతే నేనే చేస్త. జర చప్పుడు చేస్తది, గంతే."

"చప్పుడుది వద్దు."

"నీ పక్కన పటాకులు కాల్చినా నీకు ఇనపడది. అది మొత్తుకుంటే నీకేంది, మొత్తుకోకుంటే నీకేంది?"

"వద్దన్న గదరా. ఇంకోటి చూపెట్టు."

ఇంకోటి ఫోర్ స్ట్రోకు. మెత్తగా నడుస్తుంది. ధర చూసి శివకుమార్ కళ్లు మూసుకున్నాడు. మూసుకునే సరే అన్నాడు.

విజేందర్ టేపు పెట్టి, వాకిట్లో ఉన్న పడవ వెనక చెక్క ఎత్తు కొలిచాడు. పొట్టి కాడ మోటరే దీనికి సరిపోతుందట. పొడుగుది బిగిస్తే నీళ్లలో తిరిగే పంకా మరీ లోతుకు దిగి పడవ నడకను ఆపుతుందట.

"పైకి లేపేటట్టు ఉండాలె," అన్నాడు పరశురాములు. "ఆపిన జాగల పంకా నీళ్లల్ల ఉండొద్దు."

"లేస్తది పెదనాయినా. నువ్వు చెప్తె కూసుంటది గూడ." విజేందర్ నవ్వి, పడవ ముందు చెక్క మీద మాసిపోయిన అక్షరాలను వేలితో తుడిచాడు. "ఈ పేరు మారుద్దామా?"

"నాగరాణి. అదే రాయి."

"ఎవరే పెద్దమ్మా గీ నాగరాణి? పెదనాయిన కుర్రతనంల సంగతా?"

సోమమ్మ విననట్టే చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

లంగరు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే మాట.

"ఇనుము వద్దు. ఇసుక సంచి సాలు."

"గాలొస్తే సంచి ఆగుతదా నాయినా? ఒకపారి పగిలింది సాలదా? లంగరు లేకుంటే చేపల సంఘపోళ్లు పడవను నీళ్లల్ల దిగనిస్తరా?"

"దిగనియ్యకుంటే ఒడ్డుకే ఉంటది. ఇనుము మాత్రం నా పడవల ఎక్కొద్దు."

శివకుమార్‌కు ఏడుపొచ్చినంత పనైంది. వారమంతా కాలేజీలో చెప్పిందే చెప్పి గొంతు పోతుంది. ఆదివారం ఇక్కడ మిగిలింది పోతుంది. ఇక వాదించలేదు. లంగరు కొని తెచ్చి, సంఘం వాళ్లకు చూపించి, వాళ్లు సరే అని వెళ్లాక ముందు పలక కింద వలలు కప్పి దాచాడు. తండ్రికి చెప్పలేదు.

పడవ దిగే రోజు సోమమ్మ సద్ది గిన్నె ఇచ్చింది. దాంతోపాటు ఒక గుడ్డలో పుట్నాలు, బెల్లం ముక్క ముడేసి ఇచ్చింది.

"నాయినకు పళ్లే లేవు, పుట్నాలెందుకే అమ్మా?"

"ఉండనియ్యి. ఎప్పుడు పెట్టేటియే."

మోటరు ఒక్క గుంజుకే అందుకుంది. పరశురాములు ముందు కూర్చుని చేతితో దారి చూపించాడు. పాతూరి మీదికి రాగానే చెయ్యెత్తాడు. మోటరు ఆగింది. ఆయనే వెనక్కి వచ్చి దాన్ని పైకి లేపాడు. సోమమ్మ పాత చీరతో కుట్టిన ఇసుక సంచిని తాడుతో మెల్లగా కిందికి వదిలాడు. గుడ్డ ముడి విప్పి పుట్నాలు, బెల్లం నీళ్లలో వేశాడు.

"చేపలకా నాయినా?"

ఆయనకు వినపడలేదు.

కాసేపటికి గాలి లేచింది. సంచి ఆగలేదు. పడవ పక్కకు జారుతూ బండల దిక్కు పోతోంది. శివకుమార్ వలలు లాగేసి లంగరు బయటికి తీశాడు. ఎత్తి విసరబోయాడు.

పరశురాములు వచ్చి రెండు చేతులతో అతని మణికట్లు పట్టుకున్నాడు. డెబ్బై ఏళ్ల చేతులు. వదల్లేదు.

"ఎయ్యకు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత, ఎయ్యకు. మోటరు గుంజు, పోదాం."

మోటరు అందుకుంది. ఒడ్డు చేరారు. శివకుమార్ తాడు కట్టి, రాయి మీద కూలబడ్డాడు.

"పానం కంటె ఎక్కువనా నాయినా, గా పట్టుదల?"

పరశురాములు నీళ్ల దిక్కు చూస్తూ ఇన్నేళ్లూ చెప్పనిది చెప్పాడు.

ఆ దిక్కు నీళ్ల మీద మీరెప్పుడైనా పడవలో పోతే, పాతూరి మీద ఇంజను బందు చేసి, లంగరు వేయకుండా ఒక్క నిమిషం నాగరాణిని తలుచుకోండి: డ్యాం నీళ్లు రాకముందు జ్వరంతో పోతే ఆ మట్టిలోనే పడుకోబెట్టి వచ్చిన, శివకుమార్ ఎన్నడూ చూడని, నాలుగేళ్ల అక్క.