బరువైన అర్జీ

బసవరాజు అర్జీ చదివి వినిపిస్తున్నాడు. బొజ్జన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకే సంతోషంగా ఉన్నాడు.

పందొమ్మిది వందల యాభై రెండు నాటి కరువు. ఎర్రగుంట్ల అవతల బొజ్జన్న పల్లెలో గంజి కేంద్రం మూసేశారు. మళ్ళీ తెరవమని కడపలోని కరువు ఆఫీసుకు అర్జీ పెట్టాలి. ఆఫీసు ముందు అర్జీలు రాసేవాళ్ళు బసవరాజు కాక ఇంకా ఉన్నారు గానీ, వాళ్ళది మామూలు ఇంగ్లీషు. ఈగలు తోలుకుంటున్నారు. ఎంత నోరు తిరగని మాట పడితే పైన అంత పని జరుగుతుందని పల్లెల్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకం తిని తిని బసవరాజు పొట్ట ముందుకొచ్చింది.

రోజూ తెల్లారగానే లావుపాటి నిఘంటువు తీసి కొత్త మాటలు బట్టీ పట్టేవాడు. చీకటి పడేలోగా వాటిని ఎవరి నెత్తినో రుద్దకపోతే ఆయనకు అన్నం సయించదు. ఎద్దు పోయినవాడి అర్జీలోనూ అవే మాటలు, మొగుడు పోయినదాని అర్జీలోనూ అవే.

బొజ్జన్న వెంట వచ్చిన మద్దమ్మ చంకలో బిడ్డకు తల నిలవడం లేదు. భయపడుతూనే అడిగింది.

"పిల్లోళ్ళు ఆకలికి సస్తాండారని రాసినావా సామీ?"

"ఆకలని రాస్తే చులకనైపోతాం మే. ఇనానిషన్ అని రాసినా."

బొజ్జన్న చేతులు జోడించాడు. తమ ఆకలికి అంత ఘనమైన పేరుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. దాన్ని పట్టుకుని ఇద్దరూ మళ్ళీ కడపకు నడిచొచ్చారు. మద్దమ్మ బిడ్డ ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది.

బసవరాజు నిఘంటువు ముట్టుకోకుండానే జవాబు గడగడా చదివాడు. మధ్యలో 'అక్కర్లేనిది' అనడానికి వాడిన 'సూపరరోగేటరీ' అనే మాట దగ్గర ఆగి, మళ్ళీ చదివి, మీసం దువ్వుకున్నాడు.

"ఏమంటాండారు సామీ?"

"లేదంటాండారు. అయితే ఎంత సొగసుగా లేదన్నారో ఇను. రాసినోడు మామూలోడు గాదు."

బొజ్జన్నకు తల కొట్టేసినట్టయింది. పిచ్చివాడు, ఆఫీసును తప్పుపట్టలేదు. తమ మాటలే తేలిపోయాయనుకున్నాడు.

"ఈ తూరి ఇంకా బరువైనవి ఎయ్యి సామీ. ఆళ్ళను మించాల."

బసవరాజు సంతోషంగా ఒప్పుకున్నాడు. బొజ్జన్న తెచ్చిన కోడిపుంజును తీసి పీట కింద కట్టేసుకున్నాడు. పల్లెలో మిగిలింది అదొక్కటే. మధ్యాహ్నమంతా కూర్చుని, ముందుదాన్ని తలదన్నే అర్జీ రాసిచ్చాడు. దాన్ని లోపల ఇచ్చి, ఆఫీసు గోడకు దండం పెట్టి, బొజ్జన్న ఇంటిదారి పట్టాడు. వెనకే మద్దమ్మ, బిడ్డ పెదాల మీద తడిగుడ్డ పిండుకుంటూ నడిచింది.

ఆఫీసు మూసేవేళకు బసవరాజు వెనక తలుపున లోపలికి వెళ్ళి, ఇంగ్లీషు సరిగా రాని హెడ్‌గుమాస్తా పక్కన కూర్చుని, ఎప్పటిలాగే తన అర్జీలకు తనే 'లేదు' అని జవాబు రాయడం మొదలుపెట్టాడు.