మనవాళ్ళెవరూ చూడని ఊరు

"పారిస్ వద్దు. పక్క అపార్ట్‌మెంట్ భావన వాళ్ళు వెళ్ళొచ్చేశారు," అన్నాడు చక్రధర్ లాప్‌టాప్ ముందు కూర్చుని.

"రోమ్?" అంది భార్య మృదుల, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"మన ప్లెయిన్స్‌బరో తెలుగువాళ్ళలో సగం మంది అక్కడి ఫొటోలు పెట్టేశారు. లాంగ్ వీకెండ్‌కి యూరప్‌లో మనవాళ్ళెవరూ చూడని సిటీ బుక్ చేద్దాం. ల్యుబ్లియానా!"

"అక్కడేముంది?"

"తెలీదు. కానీ ఎవరూ వెళ్ళలేదు."

ఊరు చూడాలని కాదు, నలుగురూ కుళ్ళుకోవాలని ఈయనగారి తాపత్రయం!

"నోరు తిరగని ఊరికెళ్తే నిన్ను చూసి ఎవరు కుళ్ళుకుంటారు?" అంది వెటకారంగా.

చక్రధర్ ఆలోచనలో పడ్డాడు. "నిజమే. పారిస్సే బుక్ చేస్తా."

మృదుల పకపకా నవ్వబోయింది. అంతలో ఈఫిల్ టవర్ ముందు ఫొటోలో భావన కట్టుకున్న ఆకుపచ్చ చీర గుర్తొచ్చింది. తన ఎర్ర కంచిపట్టు ముందు అదెంత?

ఇక మొగుణ్ణి చూసి నవ్వడానికి ఆమెకు మొహం చెల్లలేదు.